గ్యాలరీకి ముందు కాలువ: అబిడ్స్, నాంపల్లి క్లబ్బులకు తలకిందుల సలహాలు

చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు నడిపేవాళ్లు నలుగురు ఒకచోట చేరితే మాట తిరిగి తిరిగి స్టేడియం దగ్గరికే వస్తుంది. సొంత గ్రౌండ్, చుట్టూ గ్యాలరీ, నాలుగు మూలలా లైట్లు, క్లబ్బు పేరుతో ఒక కమాను. ఆ కోరికలో తప్పేమీ లేదు. అది తీరడానికి ఇంజనీరు, కాంట్రాక్టరు, కార్పొరేటరు అందరూ చెప్పే వరస ఒకటుంది: ముందు స్థలం, తర్వాత శంకుస్థాపన, ఆపైన గ్యాలరీ, డబ్బు మిగిలితే గడ్డి. నేను చెప్పబోయేది దానికి పూర్తిగా తలకిందులు. వినగానే అడ్డగోలుగా అనిపిస్తుంది. కానీ అబిడ్స్, నాంపల్లి లాంటి చోట చిన్న క్లబ్బు నిలబడాలంటే ఇదే దారని నా గట్టి నమ్మకం.

స్థలం అడగకండి, గంటలు అడగండి

ఈ రెండు పేటల్లో ఖాళీ ఎకరం కోసం వెతికితే జీవితకాలం చాలదు. పెద్ద స్టేడియం ఇక్కడ ఎలాగూ ఉంది. 1687లో గోల్కొండ ముట్టడి నాడు ఔరంగజేబు సైన్యం విడిది చేసిందని చెప్పే ఫతే మైదానమే 1967 నుంచి లాల్ బహదూర్ స్టేడియం. 1955లో న్యూజిలాండ్‌తో టెస్టు అక్కడే ఆడారు. 1999లో ద్రవిడ్, టెండూల్కర్ కలిసి 331 పరుగులు చేసిందీ అక్కడే. ముఖ్యమంత్రుల ప్రమాణ స్వీకారాలకూ, సభలకూ, పండుగ విందులకూ అదే చోటు. మొహల్లా క్లబ్బు ఆదివారం మ్యాచుకు మూడు వందల మంది వస్తారు. వాళ్లను పాతిక వేలు పట్టే గిన్నెలో కూర్చోబెడితే ఆటగాడికి అరుపు వినపడదు, చూసేవాడికి ఆటగాడి ముఖం కనపడదు.

మరి ఎక్కడ? ఈ పేటల అసలు ఆస్తి పాత బడులు. సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు 1834 నాటిది, గన్‌ఫౌండ్రీలోని ఆల్ సెయింట్స్ 1855 నాటిది. ఇలాంటి బడులకూ కాలేజీలకూ ఆవరణలున్నాయి. బడి వదిలాక, ఆదివారాల్లో, సెలవుల్లో ఆ నేల ఊరికే ఉంటుంది. మీరు వెళ్లి భూమి అడిగితే ఏ యాజమాన్యమైనా తలుపు వేసేస్తుంది. వారానికి నాలుగు సాయంత్రాలు, ఆదివారం పొద్దున అడగండి. బదులుగా గడ్డి, కాలువలు, మరుగుదొడ్లు మీ ఖర్చుతో కట్టిస్తామనండి. పదిహేనేళ్ల ఒప్పందం కాగితం మీద రాయించుకోండి. అందులో ఎవరు ఎప్పుడు ఆడతారు, నీళ్లెవరు పెడతారు, తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది అనే మూడూ స్పష్టంగా ఉండాలి. గొడవలన్నీ తాళంచెవి దగ్గరే మొదలవుతాయి.

కొలతలు చూసి భయపడొద్దు. ఆట నిబంధనల ప్రకారం పెద్దల మ్యాచుకు మైదానం కనీసం 90 మీటర్ల పొడవు, 45 మీటర్ల వెడల్పు ఉంటే చాలు. అంటే 4,050 చదరపు మీటర్లు, దాదాపు సరిగ్గా ఒక ఎకరం. అంతర్జాతీయ మ్యాచుల కనీస కొలత 100కి 64. దానికి చుట్టూ మూడేసి మీటర్లు వదిలి, ఒక పక్క చిన్న గ్యాలరీ పెట్టినా రెండెకరాలకు కాస్త పైన సరిపోతుంది. ఎకరం దొరికితే ఎకరంలో ఆడండి. రెండెకరాలు దొరికేదాకా ఆగితే ఒక తరం పిల్లలు ఆడకుండానే పెద్దవాళ్లయిపోతారు.

నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్ మీద చాలామంది కన్ను పడుతుంది. వద్దు. జనవరి 1 నుంచి నెలన్నర పాటు నుమాయిష్ నడిచే నేల అది. అన్ని వేల పాదాలు, దుకాణాలు, గుంజల కింద ఏ గడ్డీ బతకదు. నుమాయిష్ కూడా ఈ ఊరి సంబరమే, దాని చోటు దానికి ఉండనివ్వాలి.

శంకుస్థాపన చేయకండి

రాయి వేస్తే పెద్దలు రావాలి. పెద్దలు వస్తే వాళ్ల స్థాయికి తగ్గ డ్రాయింగు చూపాలి. ఆ డ్రాయింగులో రెండంతస్తుల పెవిలియన్ చేరుతుంది, డబ్బు దానికే చాలదు. ఫలకం ఒక్కటే మిగిలిన శంకుస్థాపనలు మన రాష్ట్రాల్లో ప్రతి ఊళ్లో కనిపిస్తాయి. దాని బదులు ఒక మ్యాచ్ పెట్టండి. సున్నం గీత గీసి, రెండు గోల్‌పోస్టులు పాతి, ఆ నేల మీదే ఆడండి. ఎక్కడ నీళ్లు నిలుస్తున్నాయో, ఎండ ఎవరి కళ్లలో పడుతోందో, జనం తమంతట తాము ఏ పక్క నిలబడుతున్నారో ఒక సీజన్ చూస్తే తెలుస్తుంది. జనం నిలబడిన చోటే రేపటి గ్యాలరీ.

ఆర్కిటెక్టు కంటే ముందు మాలిని పెట్టుకోండి. జీతం ఇచ్చి, నెలనెలా, సెలవుతో సహా. గ్రౌండ్ తయారయ్యాక మాలిని వెతుకుతామనే క్లబ్బుకు గ్రౌండ్ తయారే కాదు.

డబ్బంతా కంటికి కనపడని చోట పెట్టండి

ఈ సలహాకే ఎక్కువ మంది కోప్పడతారు. చందా ఇచ్చినవాళ్లకు చూపించడానికి ఏదో ఒకటి లేవాలి కదా అంటారు. నేనైతే మొదటి ఏడాది చేతిలో ఉన్న డబ్బులో సగానికి పైగా భూమి కిందే పెట్టమంటాను.

లెక్క చూడండి. 100కి 64 మీటర్ల మైదానం మీద ఒక సెంటీమీటరు వాన పడితే 64,000 లీటర్ల నీళ్లు. 2020 అక్టోబరు 13న బేగంపేటలో ఒక్కరోజులో 19 సెంటీమీటర్ల దాకా పడింది. అంతే వాన మన మైదానం మీద పడితే పన్నెండు లక్షల లీటర్లు. అవి పోయే దారి లేకపోతే కింద వేసిన ఇసుక, పైన పెంచిన గడ్డి, దాతల డబ్బు అన్నీ కలిసి పక్క వీధిలోకి పోతాయి.

ఈ పేటల పక్కనున్న నౌబత్ పహాడ్ గుట్ట చుట్టూ నేల రాతినేల. కొన్నిచోట్ల మూడు నాలుగడుగులకే గ్రానైట్ తగులుతుంది. రాతి మీద నిలిచిన నీరు ఇంకదు, పక్కకు పారదు. అందుకని తవ్వకం టెండరు పిలవకముందే అయిదారు చోట్ల గుంతలు తీసి చూడండి. రాయి ఎంత లోతులో ఉందో తెలియకుండా ఒప్పుకున్న రేటు సగంలో మారిపోతుంది.

ఆ తర్వాత వరస ఇది. మధ్య గీత కాస్త ఎత్తుగా, రెండు పక్కలకూ మీటరుకు అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు వాలు. కింద చిల్లుల పైపులు, వాటి మీద కంకర, కంకర మీద ఇసుక ఎక్కువ కలిసిన మట్టి. పైపులన్నీ ఒక పెద్ద సంపులోకి చేరాలి. ఆ సంపు పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల లోతు ఉంటే మూడు లక్షల లీటర్లు పడుతుంది. ఎండాకాలం గడ్డికి రోజుకు అయిదు మిల్లీమీటర్ల నీళ్లు అనుకుంటే మన మైదానానికి 32,000 లీటర్లు, అంటే పదివేల లీటర్ల ట్యాంకర్లు మూడుకు పైనే. ఏప్రిల్, మే నెలల్లో నగరంలో ట్యాంకరు కోసం ఇళ్లవాళ్లే ఎదురుచూస్తారు. నిండిన సంపు ఒకటి ఉంటే తొమ్మిది రోజులు గట్టెక్కుతాయి. బోరు నీళ్లు, శుద్ధి చేసిన వాడుక నీళ్లు కూడా దొరికే ఏర్పాటు చేసుకుంటే ఇంకా మంచిది. తాగునీళ్లు మాత్రం గడ్డికి పెట్టకండి.

గడ్డి విషయానికొస్తే, ప్లాస్టిక్ టర్ఫ్ పరచమని ప్రతివాళ్లూ చెబుతారు. గంటకింత అని అద్దెకిస్తే రాత్రంతా డబ్బులే అంటారు. అద్దె వచ్చే మాట నిజమే. కానీ హైదరాబాదు మే ఎండలో ప్లాస్టిక్ గడ్డి అరవై డిగ్రీలు దాటి కాగుతుంది. పడిన పిల్లాడి మోకాలు కాలుతుంది. కొన్నేళ్లకు అరిగి, మళ్లీ అంత డబ్బూ పెట్టాలి. మన గరికే ప్రపంచమంతా బెర్ముడా గడ్డి అని వాడే జాతి. వినాయక చవితికి కోసుకొచ్చే గరికకు ఎండ పడదనే మాటే లేదు, తొక్కితే మళ్లీ లేస్తుంది. జులైలో వాన పట్టాక కణుపులున్న ముక్కలు వరి నాట్లలా వరసల్లో నాటి, అక్టోబరు దాకా ఎవరినీ అడుగు పెట్టనివ్వకండి. ఆ తర్వాత కూడా వారానికి పది, పన్నెండు గంటలు మించి ఆడించకండి. బడి పిల్లలు రోజూ ఆడాలి కాబట్టి గోల్ వెనకో, పక్కనో ఒక మొరం పట్టీ విడిగా ఉంచండి. రోజువారీ సాధన దాని మీద, మ్యాచ్ గరిక మీద.

మొరం నేలంటే చిన్నచూపు వద్దు. సయ్యద్ అబ్దుల్ రహీం ఈ నగరంలో బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ ఒలింపిక్ జట్టులో పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికారుద్దీన్, తులసీదాస్ బలరాం మనవాళ్లే. రహీం సాబ్ పిల్లలను బలంలేని కాలితో ఆడించే పోటీలు పెట్టేవారు. అందుకు కావలసినవి చదునైన నేల, బంతి, ఓపిక.

మూడు పక్కలు ఖాళీగా వదిలేయండి

గ్యాలరీ ఒక్క పక్కే కట్టండి, అదీ పడమట. మైదానం ఉత్తర దక్షిణాలుగా ఉంటే సాయంత్రం ఎండ గోల్‌కీపర్ల కళ్లలో పడదు. చూసేవాళ్లు పడమట కూర్చుంటే సూర్యుడు వీపు వెనక ఉంటాడు. వాస్తు చూసేవాళ్లు ఈశాన్యం సంగతి ఎత్తుతారు. ఈ ఒక్క కట్టడానికి మాత్రం సాయంత్రం నాలుగున్నరకు పడే ఎండే ప్రమాణం. దొరికిన నేల తూర్పు పడమరలుగా ఉంటే మారాం చేయకుండా పొద్దున మ్యాచులు పెట్టుకోండి.

తొంభై మీటర్ల గ్యాలరీలో మెట్ల దారులు తీసేస్తే వరసకు 170 మంది కూర్చుంటారు. పది వరసలకు 1,700. అజీజ్‌నగర్‌లోని డెక్కన్ అరీనా సుమారు పదిహేను వందల సీట్లదే. శ్రీనిధి డెక్కన్ క్లబ్బు అక్కడే ఐ-లీగ్ ఆడుతూ 2022-23లోనూ 2023-24లోనూ రెండో స్థానంలో నిలిచింది. దేశంలో రెండో అంచె లీగుకు సరిపోయింది మొహల్లా క్లబ్బుకు సరిపోదా? నిజానికి మీరు మొదట నాలుగు వరసలే వేసి ఆపండి. మిగతా ఆరు జనం వచ్చాక.

చుట్టూ పరుగు ట్రాక్ వేద్దామనే వాళ్లుంటారు, ఒక దెబ్బకు రెండు ఆటలని. ఒప్పుకోకండి. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం 2002 జాతీయ క్రీడల కోసం కట్టింది, ట్రాక్ అవసరమే. కానీ ఫుట్‌బాల్ చూసేవాడికి ఆ ట్రాక్ అవతల బంతి దూరమైపోతుంది. మీ మొదటి వరస గీతకు అయిదారు మీటర్లలో ఉండాలి. కోచ్ కేకలు వినపడాలి. చిన్న గ్రౌండుకు ఉన్న బలమంతా అదే.

గ్యాలరీ వెనక వరస నాలుగు మీటర్ల ఎత్తు వస్తుంది. దాని కింద మట్టి నింపి వృథా చేయకండి. డ్రెస్సింగ్ గదులు, మరుగుదొడ్లు, సామాను గది, చాయ్ కొట్టు అన్నీ అక్కడే. ఒక పక్క వరసగా కిందికి ఉండే నల్లాలు పెట్టండి. ఆటగాళ్లు కాళ్లు కడుక్కుంటారు, నమాజు వేళ వజూకూ పనికొస్తాయి. మగ్రిబ్ వేళకు మ్యాచు ముగిసేలా మొదలుపెట్టడం ఈ పేటల్లో మర్యాద. రంజాన్ నెలలో వేళలు పూర్తిగా మార్చుకోవాలి.

కంచె వద్దు, తాళం అసలే వద్దు

జనం మైదానంలోకి దూకుతారు, ఎత్తు కంచె వేయండి అని పోలీసులే చెప్పొచ్చు. వాళ్లతో కూర్చుని ఈ రెండు సంగతులు చెప్పండి. 1985 మే 11న ఇంగ్లండ్‌లో బ్రాడ్‌ఫర్డ్ స్టేడియంలో చెక్క గ్యాలరీ కింద పేరుకున్న చెత్తకు నిప్పంటుకుంది. నిమిషాల్లో గ్యాలరీ అంతా మంటలు. వెనక తలుపులకు తాళాలున్నాయి. 56 మంది పోయారు. ముందు కంచె లేదు కాబట్టి వేలమంది మైదానంలోకి దిగి బతికారు. నాలుగేళ్లకు, 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లో హిల్స్‌బరో స్టేడియంలో కంచె ఉంది. దానికి నొక్కుకుపోయి 97 మంది ప్రాణాలు పోయాయి. నడుమెత్తు కడ్డీ చాలు. మైదానంలోకి దూకినవాణ్ణి వెనక్కి పంపొచ్చు, నలిగిపోయినవాణ్ణి బతికించలేం.

దూరదేశాల సంగతి మనకెందుకు అనుకోకండి. 2021 మార్చి 22న సూర్యాపేటలో జూనియర్ జాతీయ కబడ్డీ పోటీల దగ్గర తాత్కాలిక గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారు. 2022 మార్చి 19న కేరళ మలప్పురం జిల్లాలో సెవెన్స్ ఫుట్‌బాల్ మ్యాచులో అలాగే గ్యాలరీ కూలింది. అదే ఏడాది సెప్టెంబరులో మన సికింద్రాబాద్ జింఖానా మైదానంలో క్రికెట్ టికెట్ల కోసం తొక్కిసలాట. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర 11 మంది చనిపోయారు. కర్రలు కట్టి వేసే గ్యాలరీ ఒక్క మ్యాచుకైనా, ఫైనలుకైనా వేయకండి. జనం ఎక్కువైతే నిలబడి చూస్తారు.

గేట్ల లెక్క సులువు. మెట్ల మీదుగా ఒక మీటరు వెడల్పులోంచి నిమిషానికి సుమారు 66 మంది బయటపడగలరని బ్రిటన్ వాడే ప్రమాణం. ఎనిమిది నిమిషాల్లో ఖాళీ కావాలంటే 1,700 మందికి మొత్తం 3.2 మీటర్ల దారి. ఒక దారి మూసుకుపోయినా మిగతావి సరిపోవాలి కాబట్టి 1.8 మీటర్లవి మూడు పెట్టండి. తలుపులు బయటికి తెరుచుకోవాలి. మ్యాచు జరుగుతున్నంతసేపూ ఒక్కో తలుపు దగ్గర ఒక మనిషి, తాళం లేకుండా. అగ్నిమాపక శాఖ అనుమతి పత్రం కోసం కాదు, మీ పిల్లలు ఆ గ్యాలరీలో కూర్చుంటారు కాబట్టి.

పార్కింగ్ కట్టకండి

నాంపల్లి రైల్వే స్టేషన్, నాంపల్లి, గాంధీభవన్, అసెంబ్లీ మెట్రో స్టేషన్లు, అబిడ్స్ మీదుగా వెళ్లే బస్సులు. ఇన్ని ఉన్నచోట అరెకరం కార్లకిస్తే ఆ అరెకరమే పిల్లల మొరం పట్టీ పోయిందన్నమాట. అంబులెన్సుకు ఒక దారి ఖాళీగా ఉంచండి, ఆటగాళ్ల వ్యానుకు ఒక చోటు. మిగతావాళ్లు నడిచి రానివ్వండి. ఆదివారం అబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటాయి, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలవాళ్లు కూర్చుంటారు. టికెట్ల వరస వాళ్ల మీదికి పోకుండా లోపలి పక్కకు తిప్పండి. నుమాయిష్ రోజుల్లో సాయంత్రం మ్యాచులు మానేయండి.

ఆడపిల్లల గది ముందు, ఫ్లడ్‌లైట్లు ఆఖరున

కట్టే గదుల్లో మొదటిది ఆడపిల్లల డ్రెస్సింగ్ గది కావాలి, మరుగుదొడ్డితో, లోపలి గడియతో. మీ క్లబ్బులో ఇంకా అమ్మాయిల జట్టు లేకపోయినా సరే. గది ఉంటే తల్లులు పంపుతారు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి బయల్దేరిన సౌమ్య గుగులోత్ భారత జట్టుకు ఆడింది, క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్‌కూ ఆడింది. అలాంటి పిల్ల మీ వీధిలో ఉందో లేదో తెలుసుకోవాలంటే ముందు ఆమె బట్టలు మార్చుకునే చోటు ఉండాలి.

లైట్లకు తొందర లేదు. స్తంభాల చోట్లు గుర్తించి, భూమిలో పైపులు మాత్రం ఇప్పుడే వేసి మూసేయండి. తర్వాత గడ్డి తవ్వే పని తప్పుతుంది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు నిద్రపోవాలి, వాళ్లతో తగవు పెట్టుకున్న గ్రౌండు ఎక్కువ కాలం నడవదు.

చివరిగా ఒక సంగతి. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల మీద ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచింది. 2025 అక్టోబరులో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది. అంత పెద్ద కప్పు తెచ్చిన జట్టు ఊరు మారిపోతే ఇక్కడి అభిమానికి మిగిలింది పసుపు జెర్సీ. ఒక వీధి నీళ్లు పోసి పెంచిన గ్రౌండును అలా మూటగట్టి తీసుకెళ్లడం ఎవరి తరమూ కాదు. అబిడ్స్, నాంపల్లి క్లబ్బుల పెద్దలారా, బడుల యాజమాన్యాల వారూ, ఈ వానాకాలం వచ్చేలోపు ఒకచోట కూర్చోండి. గంటల పట్టిక రాసుకోండి, మాలిని పిలవండి, కాలువ తవ్వకం మొదలుపెట్టండి.